మధ్యలో కలిసి చివరల్లో తప్పిన హద్దులు: గ్రిడ్ బేరింగ్‌ల సర్దుబాటుపై ఒక కేస్ స్టడీ

ఒక పైపులైను కోసం 22 కిలోమీటర్ల పొడవున భూముల హద్దులను తిరిగి గుర్తించే పనిలో, ట్రావర్స్ (వరుస స్టేషన్ల మధ్య కోణాలు, దూరాలు కొలుచుకుంటూ సాగే సర్వే) సర్దుబాటు, అంటే కొలతల్లోని చిన్న తేడాలను లెక్కకట్టి పంచే పని, పూర్తయి, నివేదిక ఆమోదం కూడా పొందిన తర్వాత, ఆ లెక్కలను మరోసారి పరిశీలించమని నన్ను పిలిచారు. వచ్చిన ఫిర్యాదు మామూలు ఫిర్యాదులా లేదు. పాత పటాల్లోని బేరింగ్‌లను (ఉత్తరం నుంచి గడియారపు దిశలో లెక్కించే దిశా కోణాలను) బట్టి నాటిన పెగ్‌లు కారిడార్ మధ్య భాగంలో, తవ్వి బయటపెట్టిన పాత హద్దు రాళ్లతో రెండు మూడు సెంటీమీటర్ల తేడాలో కలుస్తున్నాయి. తూర్పు చివర మాత్రం 450 మీటర్ల హద్దు గీత కొసన పెగ్, రాయికి కుడివైపు 39 సెంటీమీటర్ల దూరంలో పడింది. పడమర చివర 380 మీటర్ల గీత కొసన పెగ్ ఎడమవైపు 34 సెంటీమీటర్లు తప్పింది. దూరాలు రెండు చోట్లా సరిగానే ఉన్నాయి. తప్పంతా దిశలోనే ఉంది.

మధ్యలో సరిపోయి, రెండు కొసల్లో ఒకదానికొకటి వ్యతిరేక దిశల్లో తప్పడం అనేది యాదృచ్ఛిక దోషం చేసే పని కాదు. ప్రిజం (కొలత కిరణాన్ని తిప్పి పంపే గాజు లక్ష్యం) సరిగా నిలబెట్టకపోతేనో, పరికరం సరిగ్గా బిందువు మీద నిలవక సెంటరింగ్ చెడితేనో తప్పు ఒకచోట పుడుతుంది, లేదా పోనుపోను పెరుగుతుంది. ఇక్కడ తప్పు పడమర నుంచి మొదలై తగ్గుతూ వచ్చి, నడిమధ్యలో సున్నా అయి, తూర్పుకు వెళ్లేకొద్దీ అవతలి వైపుకు పెరిగింది. అందువల్ల పొలంలోకి వెళ్లే ముందే సర్దుబాటు ఫైళ్లు అడిగి తీసుకున్నాను.

పని స్వరూపం

కారిడార్ దాదాపు సూటిగా పడమర నుంచి తూర్పుకు సాగుతుంది. ప్రాంతం 30 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది. నిరూపకాలు యూటీఎం గ్రిడ్‌లో (భూమి ఉపరితలాన్ని చదునైన గళ్ల పటంగా మార్చే ఒక ప్రొజెక్షన్), డబ్ల్యూజీఎస్ 84 ఎలిప్సాయిడ్‌పై (భూమి ఆకారానికి వాడే గణిత నమూనా) ఉన్నాయి. అందులో తూర్పు వైపు నిరూపకం ఈస్టింగ్, ఉత్తరం వైపుది నార్తింగ్. ఈస్టింగ్ 6,68,000 మీటర్ల నుంచి 6,90,000 మీటర్ల వరకు నడుస్తుంది. యూటీఎంలో సెంట్రల్ మెరిడియన్‌కు, అంటే గ్రిడ్ నడిమి రేఖాంశానికి, సున్నాకు బదులు 5,00,000 మీటర్ల ఫాల్స్ ఈస్టింగ్ ఇస్తారు గనుక, పని జరిగిన చోటు ఆ మెరిడియన్‌కు తూర్పుగా 168 నుంచి 190 కిలోమీటర్ల దూరంలో ఉందన్నమాట.

రెండు కొసల్లోనూ ఒక్కో జత జీఎన్ఎస్ఎస్ (ఉపగ్రహాల ద్వారా స్థానం తేల్చే పద్ధతి) కంట్రోల్ పాయింట్లను స్టాటిక్ పద్ధతిలో స్థాపించారు. వాటి మధ్య టోటల్ స్టేషన్‌తో (కోణాలు, దూరాలు కొలిచే పరికరం) 38 స్టేషన్ల ట్రావర్స్ నడిపారు. దారిలో చాలా భాగం దట్టమైన చెట్ల కింద సాగడం వల్ల మధ్యలో జీఎన్ఎస్ఎస్ జతలు పెట్టే వీలు లేక, దిశను అదుపులో ఉంచడానికి ఐదు లెగ్‌లపై (పక్కపక్క స్టేషన్ల మధ్య గీతలపై), భూమి భ్రమణాన్ని బట్టి ఉత్తరాన్ని కనిపెట్టే గైరో థియొడొలైట్‌తో అజిమత్ (నిజ ఉత్తరం నుంచి దిశా కోణం) కొలిచారు. ఆ కొలతకు 10 సెకన్ల ప్రామాణిక దోషం ఇచ్చారు. (ఈ వ్యాసంలో సెకను అన్నచోటల్లా కోణపు సెకను అనే అర్థం.) పొలాల హద్దులకు ఆధారం పాత పటాలు. వాటిలో ప్రతి గీతకూ బేరింగ్, దూరం ఉన్నాయి. ఆ బేరింగ్‌లు ఆయా భూముల మూలల్లోనే నక్షత్ర పరిశీలన చేసి నిర్ణయించిన నిజ ఉత్తరం నుంచి లెక్కించినవని పటం అంచున రాసి ఉంది.

అంటే ఒకే ప్రాజెక్టు ఫైల్లో మూడు రకాల ఉత్తరాలు కలిశాయి. గ్రిడ్ నిరూపకాల నుంచి లెక్కకట్టిన బేరింగ్ గ్రిడ్ ఉత్తరం నుంచి మొదలవుతుంది. జీఎన్ఎస్ఎస్ బేస్‌లైన్ నివేదిక ఇచ్చే అజిమత్ ఎలిప్సాయిడ్‌పై ఉన్న జియోడెటిక్ ఉత్తరం నుంచి మొదలవుతుంది. గైరో, నక్షత్ర పరిశీలన ఇచ్చేది భూమి భ్రమణాక్షాన్నీ, ఆ చోటి ప్లంబ్ లైన్‌నూ (వేలాడే గుండు దారం చూపే నిలువు దిశ) బట్టి ఏర్పడే ఖగోళ ఉత్తరం. డేటా ఫైల్లో మాత్రం ఈ మూడింటికీ ఒకే కోడ్, "బేరింగ్" అని.

నివేదికలో కనిపించినవి

సర్దుబాటు సాఫ్ట్‌వేర్ గ్రిడ్ తలంపై ద్విమితీయంగా లెక్క కడుతుంది. బేరింగ్ అని ఇచ్చిన ప్రతి కొలతనూ గ్రిడ్ బేరింగ్‌గానే తీసుకుని, రెండు బిందువుల ఈస్టింగ్ తేడా, నార్తింగ్ తేడాల నుంచి వచ్చే కోణంతో నేరుగా పోలుస్తుంది. ఇందులో సాఫ్ట్‌వేర్ తప్పేమీ లేదు, దాని మాన్యువల్‌లో ఆ సంగతి స్పష్టంగానే ఉంది. అయితే అందులో మరో సదుపాయం ఉంది. కొన్ని బేరింగ్‌లను ఒక గుంపుగా చేసి, ఆ గుంపు మొత్తానికి తెలియని భ్రమణ కోణం ఒకటి ఉందనుకుని, దాన్ని కూడా కనిష్ట వర్గాల పద్ధతిలోనే (తేడాల వర్గాల మొత్తం కనిష్ఠమయ్యేలా విలువలు తేల్చే పద్ధతి) సాధించమని చెప్పవచ్చు. ఏ ఉత్తరానికి సంబంధించినవో తెలియని పాత బేరింగ్‌లకు ఇది నిజంగా పనికొచ్చే సౌకర్యం.

గైరో లెగ్‌లు ఐదింటినీ అలా గుంపు కట్టారు. సాఫ్ట్‌వేర్ సాధించిన భ్రమణం 0 డిగ్రీల 55 నిమిషాల 53 సెకన్లు. తర్వాత పాత పటాల బేరింగ్‌లన్నిటినీ అదే విలువతో తిప్పి, పెగ్‌ల నిరూపకాలు తీశారు. లెక్క చేసిన ఇంజినీరును ఈ విలువ ఎక్కడిదని అడిగితే, "గైరో కాలిబ్రేషన్ తేడా అయి ఉంటుందండీ, సాఫ్ట్‌వేరే సరిచేసుకుంది" అన్నారు. దాదాపు ఒక డిగ్రీ కాలిబ్రేషన్ తేడా ఉన్న గైరోతో ఎవరూ పని మొదలుపెట్టరు. ఈ విలువను చూసినప్పుడే ఆగి ఆలోచించాల్సింది.

మరో రెండు గుర్తులు కూడా అదే నివేదికలో ఉన్నాయి. మొదటిది, గైరో ప్రామాణిక దోషం. మొదట 10 సెకన్లు పెట్టి నడిపినప్పుడు కై-స్క్వేర్ పరీక్ష (మిగిలిన తేడాలు ఇచ్చిన ప్రామాణిక దోషాలకు తగినట్టు ఉన్నాయా అని చూసేది) ఘోరంగా విఫలమైంది. ఆ తర్వాత దాన్ని 30కి, 60కి, చివరకు 120 సెకన్లకు పెంచితే పరీక్ష గట్టెక్కింది. పాత రన్‌ల ఫైళ్లు భద్రంగా ఉంచారు కాబట్టి ఈ క్రమమంతా కనిపించింది. ఒక పరికరం సామర్థ్యాన్ని పన్నెండు రెట్లు తగ్గించి చూపితే తప్ప లెక్క కుదరడం లేదంటే, లోపం పరికరంలో ఉన్నదా నమూనాలో ఉన్నదా అని అక్కడే తేల్చుకోవాలి. వెయిట్ అనేది కొలత నాణ్యతను తెలిపే విలువ. దాన్ని పరీక్ష నెగ్గడానికి వాడే మీటగా మార్చుకుంటే ఆ పరీక్ష ఉండీ లేనట్టే.

రెండవది, ఆటోమేటిక్‌గా తిరస్కరించిన కొలతల జాబితా. అందులో ఒకే ఒక్క పంక్తి ఉంది. పడమర కొసనున్న జీఎన్ఎస్ఎస్ జత మధ్య 1.8 కిలోమీటర్ల గీతకు బేస్‌లైన్ నివేదికలోని అజిమత్‌ను ఎవరో బేరింగ్‌గా దిగుమతి చేశారు. అది గైరో గుంపులో లేదు కాబట్టి దానికి భ్రమణం వర్తించలేదు. శేషం (కొలతకూ సర్దుబాటు విలువకూ మధ్య తేడా) 52 నిమిషాల 16 సెకన్లు వచ్చేసరికి సాఫ్ట్‌వేర్ దాన్ని స్థూల దోషంగా పక్కన పెట్టేసింది. జత లోని రెండు బిందువుల నిరూపకాలూ స్థిరంగా పట్టి ఉంచినవే గనుక ఆ కొలత పోయినందువల్ల సర్దుబాటుకు నష్టం జరగలేదు. కానీ ఇంత మంచి జీఎన్ఎస్ఎస్ కొలత ఇంత పెద్ద తేడాతో ఎందుకు తప్పిందని ఎవరూ అడగలేదు.

శేషాలను ఈస్టింగ్ పక్కన పెట్టి చూస్తే

యూటీఎంకు ఆధారమైన ట్రాన్స్‌వర్స్ మెర్కేటర్ గ్రిడ్‌లో నిలువు గీతలన్నీ సమాంతరంగా ఉంటాయి. భూమి మీది మెరిడియన్‌లు ధ్రువం వైపు కలుస్తూ పోతాయి. ఈ రెండింటి మధ్య ఉండే కోణమే గ్రిడ్ కన్వర్జెన్స్. సెంట్రల్ మెరిడియన్ నుంచి రేఖాంశపు తేడాను అక్షాంశపు సైన్‌తో గుణిస్తే దాని విలువ దాదాపుగా వస్తుంది. పడమర కొసన ఈస్టింగ్ 6,68,000 దగ్గర రేఖాంశపు తేడా సుమారు 1.742 డిగ్రీలు, 30 డిగ్రీల సైన్ సరిగ్గా సగం, అంటే 0.871 డిగ్రీలు. మరికొంత సూక్ష్మంగా లెక్కిస్తే 52 నిమిషాల 16 సెకన్లు. తిరస్కరించిన పంక్తిలో ఉన్న అంకె ఇదే, సెకను వరకూ తేడా లేదు. చెత్తబుట్టలో పడేసిన ఆ ఒక్క కొలతే మొత్తం చిక్కుకు తాళంచెవి అయింది.

తర్వాత ఐదు గైరో లెగ్‌ల శేషాలను, వాటి మధ్య బిందువుల ఈస్టింగ్‌లతో పాటు కాగితంపై రాసుకున్నాను. 669.4 కిలోమీటర్ల దగ్గర మైనస్ 179 సెకన్లు, 674.1 దగ్గర మైనస్ 101, 679.6 దగ్గర ప్లస్ 12, 684.2 దగ్గర ప్లస్ 88, 688.9 దగ్గర ప్లస్ 180. గ్రాఫు కాగితం మీద చుక్కలు పెడితే స్కేలు ఆనించి గీసినంత సూటిగా గీత వచ్చింది. దాని వాలు కిలోమీటరుకు 18.5 సెకన్లు. తూర్పుకు ఒక కిలోమీటరు జరిగితే కన్వర్జెన్స్ ఎంత మారాలో సిద్ధాంతం చెబుతుంది: 206265ను (ఒక రేడియన్‌లోని సెకన్లు) భూమి వ్యాసార్థపు కిలోమీటర్లతో భాగిస్తే 32.4 సెకన్లు, దాన్ని అక్షాంశపు టాంజెంట్‌తో గుణిస్తే 30 డిగ్రీల దగ్గర 18.7 సెకన్లు. ఐదు కొలతలతో, అదీ ఒక్కోదానిలో కొన్ని సెకన్ల చెదురు ఉండగా, ఇంతకన్నా దగ్గరగా రావాలని ఆశించనక్కర్లేదు.

దీంతో 55 నిమిషాల 53 సెకన్ల భ్రమణం ఎక్కడిదో కూడా తేలిపోయింది. ఐదు లెగ్‌ల సగటు ఈస్టింగ్ 679.24 కిలోమీటర్లు, అక్కడ కన్వర్జెన్స్ 55 నిమిషాల 46 సెకన్లు. మిగిలిన 7 సెకన్ల సంగతి తర్వాత చెబుతాను. సాఫ్ట్‌వేర్ తనకు అప్పగించిన పనిని నిజాయితీగా చేసింది. చోటును బట్టి మారే రాశికి ఒకే విలువ సాధించమంటే, సగటు విలువ సాధించి ఇచ్చి, మిగతాదాన్ని శేషాల్లోకి నెట్టింది. పడమర కొస నుంచి తూర్పు కొసకు కన్వర్జెన్స్ 52 నిమిషాల 16 సెకన్ల నుంచి 59 నిమిషాల 7 సెకన్లకు పెరుగుతుంది. 22 కిలోమీటర్లలో దాదాపు 7 నిమిషాలు. ఆ సగటును కొసలకు వర్తింపజేస్తే రెండు వైపులా మూడేసి నిమిషాలకు పైగా తప్పు మిగులుతుంది.

పెగ్‌ల తప్పు అంకెలోనూ దిశలోనూ దీనికి సరిపోతుంది. తూర్పున నిజమైన కన్వర్జెన్స్, వాడిన విలువ కన్నా 180 సెకన్లు ఎక్కువ. తక్కువ విలువను తీసివేసినందువల్ల గ్రిడ్ బేరింగ్ ఎక్కువై, గీత గడియారపు దిశలో తిరిగింది. 450 మీటర్ల కొసన 180 సెకన్లు అంటే 39 సెంటీమీటర్లు, కుడివైపుకు. పడమర లెక్క ఇందుకు తిరగబడి వస్తుంది.

స్కేలు చూసి ధైర్యపడితే

ఇంత అనుభవమున్న బృందం ప్రొజెక్షన్ సంగతిని ఎందుకు అనుమానించలేదని నేను చాలాసేపు ఆలోచించాను. వాళ్ల నోట్స్‌లో ఒక వాక్యం ఉంది: ఈ ప్రాంతంలో స్కేల్ ఫ్యాక్టర్ (గ్రిడ్ దూరానికీ ఎలిప్సాయిడ్ దూరానికీ నిష్పత్తి) దాదాపు 1 కాబట్టి ప్రొజెక్షన్ ప్రభావం పరిగణించనక్కర్లేదు. ఆ వాక్యంలో మొదటి సగం నిజం. యూటీఎంలో సెంట్రల్ మెరిడియన్ మీద స్కేలు 0.9996, దూరం జరిగేకొద్దీ పెరిగి, సుమారు 180 కిలోమీటర్ల దగ్గర సరిగ్గా 1 అవుతుంది. ఈ కారిడార్ సరిగ్గా ఆ గీతకు అటూ ఇటూ పరుచుకుంది: పడమర కొసన 0.999948, తూర్పు కొసన 1.000045. ఎత్తు సవరణ చేశాక దూరాలు ఏ అనుమానానికీ తావివ్వకుండా కలిశాయి.

కానీ స్కేలు 1 అయిన చోట కన్వర్జెన్స్ సున్నా కాదు. స్కేలు సెంట్రల్ మెరిడియన్ నుంచి దూరపు వర్గాన్ని బట్టి మారుతుంది. కన్వర్జెన్స్ నేరుగా దూరాన్ని బట్టి మారుతుంది. స్కేలు సమస్య తక్కువగా కనిపించే ఆ 180 కిలోమీటర్ల దగ్గర, ఈ అక్షాంశంలో, కన్వర్జెన్స్ దాదాపు 56 నిమిషాలు. సెంట్రల్ మెరిడియన్ మీద ఇందుకు పూర్తిగా భిన్నంగా, స్కేలు తేడా కిలోమీటరుకు 40 సెంటీమీటర్లు ఉన్నా కన్వర్జెన్స్ సున్నా. దూరాలు కలిశాయన్న నమ్మకాన్ని దిశలకు పొడిగించడానికి వీల్లేదు.

కోణాలు కూడా ఈ లోపాన్ని దాచిపెట్టాయి. ట్రాన్స్‌వర్స్ మెర్కేటర్ కన్ఫార్మల్ ప్రొజెక్షన్. ఒక బిందువు దగ్గర కొలిచిన రెండు దిశల మధ్య కోణం గ్రిడ్‌లోనూ అంతే ఉంటుంది. ఒకే స్టేషన్ దగ్గర రెండు దిశలకూ కన్వర్జెన్స్ ఒకటే గనుక, కోణం తీసేటప్పుడు అది కొట్టుకుపోతుంది. అందుకే 38 స్టేషన్ల కోణాలూ చక్కగా ముగిశాయి. ఉత్తరం అవసరమైన కొలతలు మాత్రమే తప్పాయి, వాటికి వెయిట్ తగ్గించేశారు. చివరికి సర్దుబాటు చేసిన నిరూపకాలు దాదాపు సరిగానే ఉండి, వాటి మీద వేసిన పాత బేరింగ్‌లు తప్పాయి.

ఇక్కడ ఒక చరిత్ర సంగతి నాకు తరచూ గుర్తొస్తుంది. కనిష్ట వర్గాల పద్ధతిని 1805లో లెజాండ్రె మొదట ప్రచురించగా, 1809లో గౌస్ తన గ్రంథంలో దానికి సంభావ్యతా పునాది వేశారు. ఆ గౌసే 1820లలో హానోవర్ సర్వే కోసం, లాంబర్ట్ 1772లో గోళానికి చూపిన ట్రాన్స్‌వర్స్ మెర్కేటర్‌ను ఎలిప్సాయిడ్‌కు విస్తరించారు. 1912లో క్రూగర్ దాన్ని వాడుకకు వీలుగా తీర్చిదిద్దారు. సర్దుబాటు, ప్రొజెక్షన్ రెండూ అలా ఒకే మనిషి చేతిలో, ఒకే రకం పని కోసం ఎదిగాయి. ఈనాటి సాఫ్ట్‌వేర్‌లలో అవి వేర్వేరు మెనూల్లో ఉండటం చూసి, వాటికి ఒకదానితో ఒకటి పనిలేదని అనుకోవడం తేలికైపోయింది.

సవరణ

నేను మొదట చేసింది డేటా ఫైల్లోని ప్రతి బేరింగ్ పంక్తికీ రెండు వివరాలు చేర్చడం: అది ఏ ఉత్తరం నుంచి కొలిచినది, ఏ బిందువు దగ్గర కొలిచినది. జియోడెటిక్ అజిమత్‌ను గ్రిడ్ బేరింగ్‌గా మార్చే సూత్రం చిన్నదే. అజిమత్ నుంచి, కొలిచిన బిందువు దగ్గరి కన్వర్జెన్స్ తీసివేయాలి, ఆర్క్-టు-కార్డ్ సవరణ (దీని సంగతి తర్వాత చెబుతాను) కలపాలి. అయితే కన్వర్జెన్స్ గుర్తు విషయంలో సాఫ్ట్‌వేర్‌ల మధ్య ఏకాభిప్రాయం లేదు. మాన్యువల్‌లో ఏది రాసి ఉన్నా, నేను ప్రతి కొత్త ప్రాజెక్టులోనూ ఒక చిన్న పరీక్ష చేస్తాను. ఒకే రేఖాంశంపై, అక్షాంశంలో ఒక నిమిషం తేడాతో రెండు బిందువులు తీసుకుని గ్రిడ్‌లోకి మారుస్తాను. జియోడెటిక్ అజిమత్ సున్నా. ఉత్తరార్ధగోళంలో సెంట్రల్ మెరిడియన్‌కు తూర్పున ఉంటే, ఉత్తరానికి పోయేకొద్దీ ఈస్టింగ్ తగ్గాలి, అంటే గ్రిడ్ బేరింగ్ 360 డిగ్రీలకు కాస్త తక్కువ రావాలి. ఆ తగ్గినంత మేరా కన్వర్జెన్స్. పడమరన గానీ, దక్షిణార్ధగోళంలో గానీ గుర్తు మారుతుంది. ఈ పరీక్షకు రెండు నిమిషాలు చాలు. గుర్తు పొరపడితే తప్పు రెట్టింపవుతుంది గనుక ఆ రెండు నిమిషాలు వెచ్చించి తీరాలి.

ప్రతి స్టేషన్‌కూ కన్వర్జెన్స్‌ను జియోగ్రఫిక్‌లిబ్ లైబ్రరీతో లెక్కించాను. అది నిరూపకాలతో పాటు ఆ బిందువు దగ్గరి కన్వర్జెన్స్‌ను, స్కేలును కూడా ఇస్తుంది; ప్రోజ్ లైబ్రరీతో కూడా ఇదే పని చేయవచ్చు. సర్దుబాటు ప్రతి ఆవృత్తిలో నిరూపకాలు మారుతున్నప్పుడు కన్వర్జెన్స్‌ను మళ్లీ మళ్లీ లెక్కించాలా అన్న ప్రశ్న రావచ్చు. తూర్పు-పడమరలుగా 10 మీటర్లు జరిగితే ఇక్కడ 0.2 సెకన్లు మారుతుంది. ఉత్తరంగా జరిగితే కిలోమీటరుకు ఒక సెకను చొప్పునే. ఉజ్జాయింపు నిరూపకాలు 10 మీటర్ల లోపు సరిగా ఉంటే ముందే ఒకసారి లెక్కించి పెట్టుకోవడం సరిపోతుంది.

మొదటి రన్‌లో గైరో గుంపు భ్రమణాన్ని పూర్తిగా తొలగించి, ప్రామాణిక దోషాన్ని తిరిగి 10 సెకన్లకు తెచ్చాను. సరళరేఖ మాయమైంది. కానీ ఐదు లెగ్‌లలో మూడింటి శేషాలు మిగతా రెండింటి నుంచి 5, 6 సెకన్లు ఒకే వైపుకు తప్పుకుని నిలిచాయి. ఫీల్డ్ బుక్ తెరిస్తే కారణం దొరికింది. ఆ మూడు లెగ్‌లపై గైరోను రెండు కొసల్లోనూ నిలిపి, ముందు అజిమత్‌కు వెనక అజిమత్ నుంచి 180 డిగ్రీలు తీసిన విలువను కలిపి సగటు కట్టారు. గ్రిడ్‌లో వెనక బేరింగ్ సరిగ్గా 180 డిగ్రీల తేడాతో ఉంటుంది. నిజ ఉత్తరం నుంచి కొలిచినప్పుడు అలా ఉండదు; రెండు కొసల మెరిడియన్‌ల మధ్య కోణం కూడా చేరుతుంది. కనుక ఆ సగటు విలువ చెందేది లెగ్ మధ్య బిందువుకు. నేనేమో మొదటి స్టేషన్ దగ్గరి కన్వర్జెన్స్‌ను తీసివేశాను. 640 మీటర్ల లెగ్‌లో సగం దూరానికి మార్పు సరిగ్గా 6 సెకన్లు. మధ్య బిందువు విలువ వాడగానే ఐదు లెగ్‌లూ ఒక వరుసలోకి వచ్చాయి. కొలిచిన చోటు రాసి ఉంచడం ఎందుకంత ముఖ్యమో ఈ మూడు పంక్తులే చెప్పాయి.

ఇప్పుడు ఆ మిగిలిన 7 సెకన్ల సంగతి. ఐదు లెగ్‌లూ కలిసికట్టుగా అంత మేర ప్లస్ వైపు ఉన్నాయి. గైరో ఇచ్చేది ఖగోళ అజిమత్. దాని నుంచి, ప్లంబ్ లైన్ ఎలిప్సాయిడ్ లంబం నుంచి తూర్పు-పడమరలుగా తప్పిన విచలనాన్ని అక్షాంశపు టాంజెంట్‌తో గుణించి తీసివేస్తే జియోడెటిక్ అజిమత్ వస్తుంది. దీన్ని లాప్లాస్ సవరణ అంటారు. జియాయిడ్ (సగటు సముద్ర మట్టపు తలం) నమూనా ప్రకారం ఈ ప్రాంతంలో ఆ విచలనం సుమారు 11 సెకన్లు, టాంజెంట్ 0.577, సవరణ 6 సెకన్లకు పైగా. గైరోను కాలిబ్రేట్ చేసిన చోట విచలనం చాలా తక్కువ కావడం వల్ల, ఆ తేడా పరికరపు స్థిరాంకంలో కలిసిపోలేదు. రెండు చోట్లా ఒకే విచలనం ఉండి ఉంటే ఇది కనిపించేది కూడా కాదు. సవరణ చేశాక గైరో శేషాల్లో అతి పెద్దది 6 సెకన్లు. కై-స్క్వేర్ పరీక్ష, ఏ వెయిట్‌నూ ముట్టుకోకుండానే, నెగ్గింది.

ఆర్క్-టు-కార్డ్ సవరణను కూడా వదలలేదు గానీ, అది ప్రతిచోటా అవసరమని చెప్పను. ఎలిప్సాయిడ్‌పై రెండు బిందువుల మధ్య కనిష్ట దూరపు గీత గ్రిడ్‌పై సరళరేఖగా పడదు, సెంట్రల్ మెరిడియన్ నుంచి దూరంగా పోయే వైపుకు కొద్దిగా ఉబ్బుతుంది. నార్తింగ్ తేడాను, గీత మధ్య బిందువు సెంట్రల్ మెరిడియన్ నుంచి ఉన్న దూరంతో గుణించి, భూవ్యాసార్థపు వర్గానికి రెట్టింపుతో భాగిస్తే ఆ కోణం వస్తుంది. మన 600 మీటర్ల లెగ్‌లలో అది అత్యధికంగా 0.3 సెకన్లు, అక్కడ దాన్ని పట్టించుకోనవసరం లేదు. కానీ కారిడార్ నుంచి ఉత్తరాన కొండ మీది కంట్రోల్ పాయింట్‌కు 9.6 కిలోమీటర్ల జీఎన్ఎస్ఎస్ గీత ఒకటి తనిఖీ కోసం ఉంది. దాని నార్తింగ్ తేడా 9.1 కిలోమీటర్లు, సవరణ 4.2 సెకన్లు. ఒక సెకను నాణ్యత గల కొలతకు అది పెద్ద విలువే. పడమర కొసన తిరస్కరించిన గీతను కూడా ఇప్పుడు సరైన రకంతో తిరిగి చేర్చితే, దాని శేషం ఒక సెకను లోపే వచ్చింది.

పెగ్‌లు తిరిగి నాటినప్పుడు

సర్దుబాటు చేసిన ట్రావర్స్ నిరూపకాలు పాత వాటితో పోలిస్తే గరిష్ఠంగా 3 సెంటీమీటర్లు మారాయి, అదీ ట్రావర్స్ మధ్యలో. పాత పటాల బేరింగ్‌లను మాత్రం భూమి భూమికీ విడిగా మార్చవలసి వచ్చింది. నక్షత్ర పరిశీలన ఏ మూలలో జరిగిందో పటంలో గుర్తు ఉన్నచోట ఆ మూల దగ్గరి కన్వర్జెన్స్, లేనిచోట ఆ భూమి మధ్య బిందువు విలువ వాడాను. వెడల్పు 300 మీటర్లు దాటని భూముల్లో ఈ ఎంపిక వల్ల వచ్చే తేడా 3 సెకన్ల లోపే. నక్షత్ర పరిశీలనకూ లాప్లాస్ సవరణ వర్తిస్తుంది. 450 మీటర్ల గీతపై దాని ప్రభావం సెంటీమీటరున్నరకు మించదు, అయినా ఒకే సూత్రంలో ఉన్నదే గనుక చేర్చాను.

తూర్పు కొసన ఆ 450 మీటర్ల గీతను మళ్లీ నేనే దగ్గరుండి పెట్టించాను. టోటల్ స్టేషన్‌ను మొదటి రాయి మీద నిలిపి, దిశకు ఆధారంగా ట్రావర్స్ స్టేషన్‌కు బ్యాక్‌సైట్ పట్టి, కొత్త బేరింగ్ తిప్పి, ప్రిజం పట్టుకున్న మనిషిని ఎడమకు, ఇంకొంచెం ఎడమకు జరుపుతూ వచ్చాం. ప్రిజం కర్ర మొన, రాయి తలపై చెక్కిన గాటుకు 2 సెంటీమీటర్ల దూరంలో ఆగింది. పడమర కొసన తేడా 3 సెంటీమీటర్లు వచ్చింది. పాత గొలుసు కొలతల నాణ్యతను బట్టి చూస్తే ఇది ఆశించదగ్గదే.

ఒక్క భూమి మాత్రం ఈ లెక్కకు లొంగలేదు. దాని పటం అంచున ఉత్తరం గురించిన రాత ఏదీ లేదు, బేరింగ్‌లు పొరుగు భూముల బేరింగ్‌లతో రెండు డిగ్రీలకు పైగా తేడాలో ఉన్నాయి. దిక్సూచితో కొలిచినవి కావచ్చు. ఆ భూమికి ఒక భ్రమణం ఊహించి సర్దుబాటులో చేర్చడానికి నేను ఒప్పుకోలేదు. ఒకే పటంలోని రెండు బేరింగ్‌ల తేడా తీస్తే, ఉత్తరం ఏదైనా సరే, ఆ రెండు గీతల మధ్య కోణం మిగులుతుంది. కాబట్టి దాని బేరింగ్‌లను కోణాలుగా మార్చి, దూరాలతో కలిపి, దొరికిన రెండు రాళ్ల ఆధారంగా సర్దుబాటు చేసి, నివేదికలో ఆ భూమి ఎదుట దిశకు ఆధారం పొరుగు రాళ్లు మాత్రమేనని రాశాను.